వాద్యబృందాన్ని నడిపించడం – నాలుగో పాఠం: మొదటి స్వరానికి ముందు

నాలుగు దెబ్బల నడకను చేత్తో చూపించడం మూడో పాఠంలో నేర్చుకున్నాం: కిందికి, లోపలికి, బయటికి, పైకి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి మీలో కొందరు పంపిన వీడియోలు చూశాను. చేతుల నడక బాగుంది. కానీ దాదాపు అందరిలోనూ ఒకే లోపం. మొదటి దెబ్బ ఎక్కడినుంచో ఊడిపడుతోంది. ఎదుట ఉన్నవాళ్లు ఒకరు ముందు, ఒకరు వెనుక అందుకుంటున్నారు. అందుకే ఈ పాఠమంతా ఆ దెబ్బకు ముందున్న క్షణం గురించే.

ఆ క్షణంలో చేసే కదలికను ముందు ఊపు అందాం. పాట మొదటి దెబ్బ మీద మొదలైతే, దానికి ముందుండే నాలుగో దెబ్బను పైకి చూపించాలి. చేయి లేచి మళ్లీ కిందికి వచ్చేసరికి సరిగ్గా ఒక దెబ్బ కాలం గడవాలి. దాన్నిబట్టే వేగం తెలుస్తుంది. ఊపు చిన్నదైతే నాదం సన్నగా, పెద్దదైతే నిండుగా వస్తుంది. మణికట్టు మెత్తగా లేస్తే స్వరం సాగుతుంది, చురుగ్గా లేస్తే తెగుతుంది. ఇన్ని సంగతులు చెప్పడానికి చేయి ఒక్కటే చాలదు. చేత్తోపాటు మీరూ ఊపిరి పీల్చాలి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఇక్కడే చిక్కు. ఆదితాళంలో దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు. ఆ 8 అక్షరాలూ ఇప్పుడు ఎక్కడున్నామో చెబుతాయి. బృందాన్ని నడిపించే కండక్టర్ చేయి మాత్రం రాబోయేది చెప్పాలి. పాటతో కలిసి నడిచే చేతిని పాటకు ముందు నడిపించడం అలవాటు కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు వెంటనే రాకపోతే కుంగిపోకండి.

నాకు ఈ సంగతి మొదట నేర్పింది బరంపురంలో పెళ్లి బ్యాండు నడిపే ఒక క్లారినెట్ మాస్టరుగారు. పదహారేళ్ల వయసులో వారి దగ్గర సైడ్ డ్రమ్ వాయించేవాణ్ణి. మాస్టరుగారి రెండు చేతులూ క్లారినెట్ మీదే ఉండేవి. లెక్క పెట్టేవారు కాదు, సైగ చేసేవారు కాదు. అయినా మేమంతా ఒక్కసారే ఎత్తుకునేవాళ్లం. ఒక రాత్రి ఊరేగింపు బడాబజారు దగ్గర ఆగింది. జనరేటర్ హోరులో ఏ మాటా వినబడటం లేదు. ఆ రాత్రి మాస్టరుగారినే గమనిస్తూ నిలబడ్డాను. క్లారినెట్ మూతి బెత్తెడు పైకి లేచింది, భుజాలు కాస్త విచ్చుకున్నాయి. సరిగ్గా అప్పుడే పక్కన యుఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకా ఊదే ఆయన ఛాతీ ఊపిరితో నిండింది. ఇంకా ఏ శబ్దమూ లేదు, పాట మాత్రం అప్పటికే మొదలైపోయింది.

పూర్వం ఐరోపాలోనూ లయను చెవికి వినిపించేవారు. ఫ్రాన్సు రాజాస్థానంలో స్వరకర్త లుల్లీ పొడవాటి కర్రను నేలకు కొడుతూ బృందాన్ని నడిపేవాడు. 1687లో ఆ కర్ర కాలికి తగిలి, గాయం ముదిరి మరణించాడు. తర్వాతి కాలంలో శబ్దం లేని చిన్న పుల్ల వచ్చింది. 1835 నుంచి జర్మనీలోని లైప్‌జిగ్‌లో స్వరకర్త మెండెల్సన్ దానితోనే నడిపించాడు. వినబడే దెబ్బ పోయింది కనుక, కనబడే ఊపు మీదే అంతా ఆధారపడింది.

ఇందులో గట్టి పరీక్ష బీథోవెన్ అయిదో సింఫనీ. 1808లో వియన్నాలో మొదటిసారి వినిపించిన ఆ కృతి మౌనంతో మొదలవుతుంది. చేయి కిందికి దిగిన చోట అరక్షణం ఖాళీ, ఆ తర్వాతే మూడు పొట్టి స్వరాలు. తాళం మొదలయ్యాక కాస్త ఆగి ఎత్తుకునే కృతులు పాడినవారికి ఆ ఖాళీ కొత్త కాదు. ఈ విషయంలో మీరు ఒక అడుగు ముందే ఉన్నారు.

ఇక సాధన. స్నేహితుణ్ణి ఎదురుగా నిలబెట్టండి. ఒక్క మాటా లేకుండా ముందు ఊపు ఇవ్వండి. మీ చేయి దిగిన క్షణంలోనే అతను చప్పట్లు మొదలుపెట్టి, మీరు చూపిన వేగంలోనే కొనసాగించాలి. నిదానం, మధ్యమం, వేగం, ఒక్కోటి పదిసార్లు. అతను తడబడితే తప్పు అతనిది కాదు, మీ ఊపుది. ఫోనుతో చిత్రీకరించి, శబ్దం ఆపేసి చూడండి. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో, సిబేలియస్ అకాడమీ అనే సంగీత విద్యాలయంలో 1973 నుంచి 1993 వరకు ఈ విద్య బోధించిన యోర్మా పానులా, శిష్యులు బృందాన్ని నడుపుతుండగా వీడియో తీయించి వారికే చూపించేవారు. పేరున్న కండక్టర్ ఎసా-పెక్కా సలొనెన్ ఆ బడిలో తయారైనవాడే.

గురువు దొరకలేదని చాలామంది రాస్తున్నారు. బొంబాయిలో పుట్టి కండక్టర్‌గా పేరుపొందిన జుబిన్ మెహతా 1950లలో వియన్నాలో చదువుకునేటప్పుడు, సహాధ్యాయి క్లాడియో అబ్బాడోతో కలిసి బృందగానంలో చేరాడు. బ్రూనో వాల్టర్, కరాయన్ వంటి పెద్దలు రిహార్సల్ చేయించే తీరు ఎదురుగా నిలబడి చూడాలన్నదే వారి కోరిక. మీ ఊళ్లోనూ చర్చి గాయకబృందమో, బడి బ్యాండో, పెళ్లి మేళమో ఉంటుంది. వెనుక వరుసలో చేరండి. అరగంట ముందు వెళ్లి కుర్చీలు వేయండి, స్వరాల కాగితాలు సర్దండి. రెండు నెలలు గడిచాక, "అయ్యా, ఈ ఆదివారం ఒక్క పాట ఎత్తుగడ నన్ను ఇవ్వనిస్తారా?" అని అడగండి.

బృందాలు నడుపుతున్న పెద్దలకూ ఒక విన్నపం. వారానికి పది నిమిషాలు మీ స్థానంలో కుర్రవాళ్లను, అమ్మాయిలను నిలబెట్టండి. మధ్యలో ఆపకండి. అయిపోయాక ఒక్క లోపమే చెప్పండి, మిగతావి వచ్చే వారానికి ఉంచండి.

అయిదో పాఠంలో సాగే స్వరాన్ని అందరిచేతా ఒకేసారి ఆపించడం నేర్చుకుందాం. అప్పటికి మూడు వేగాల వీడియోలూ సిద్ధంగా ఉంచుకోండి.