వెన్నెముక కణితి శస్త్రచికిత్సకు ముందు వెన్నుపాము ధమనులను గుర్తించే విధానం

వెన్నుపాముకు ముందువైపు ఒకటి, వెనుకవైపు రెండు ధమనులు రక్తం అందిస్తాయి. ముందు ధమని ఒక్కటే వెన్నుపాములో సుమారు మూడింట రెండు వంతులను పోషిస్తుంది కాబట్టి, దానికి రక్తం తెచ్చే ప్రధాన పాయ తెగితే రోగి కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. ఆ పాయల్లో అతి పెద్దదైన ఆడమ్‌కీవిచ్ ధమని ఎక్కువమందిలో ఎడమవైపు, 9 నుంచి 12వ ఛాతీ వెన్నుపూసల మధ్య మొదలవుతుంది. కుడివైపునో, నడుము పూసల దగ్గరో మొదలయ్యేవారూ ఉన్నారు గనుక ప్రతి రోగిలోనూ దాన్ని వెతికి చూడవలసిందే.

ముందుగా పూసల లెక్క తేల్చుకోవాలి. కొందరిలో పక్కటెముకల సంఖ్య మారుతుంది, కొందరిలో చివరి నడుము పూస త్రికాస్థితో (నడుము కింద ఉండే ఎముకతో) కలిసిపోయి ఉంటుంది. అందుచేత ఎంఆర్‌ఐ చూసేవారు, యాంజియోగ్రామ్ (రక్తనాళాల చిత్రం) చేసేవారు, శస్త్రవైద్యులు ముగ్గురూ ఒకే చోటు నుంచి లెక్కించాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఇక్కడ ఒక్క పూస తేడా వస్తే తరువాతి శ్రమంతా తప్పుదారి పడుతుంది.

కొందరికి సీటీ యాంజియోగ్రామ్ సరిపోతుంది. మూత్రపిండం లేదా థైరాయిడ్ క్యాన్సర్ నుంచి పాకినవాటివంటి రక్తం ఎక్కువగా ఉండే కణితులకు క్యాథెటర్ (సన్నని గొట్టం) ద్వారా చేసే యాంజియోగ్రామ్ మేలు. దానికి ముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష), కాంట్రాస్ట్ (చిత్రంలో నాళాలు కనిపించేలా ఎక్కించే ద్రవం) అలర్జీ, రక్తం పలుచబరిచే మందుల సంగతి చూసుకోవాలి.

తొడ ధమని గుండా క్యాథెటర్ పంపి, కణితి ఉన్న పూస వద్ద, దానికి పైన రెండు, కింద రెండు పూసల వద్ద, రెండు వైపులా ప్రతి ధమనిలోనూ విడివిడిగా కాంట్రాస్ట్ ఎక్కించాలి. ఊపిరి కదలికకు చిత్రం చెదురుతుంది కాబట్టి ఆ క్షణాల్లో శ్వాస నిలపాలి. పైకి ఎక్కి, మధ్యరేఖ దగ్గర హెయిర్‌పిన్‌లా వంగి కిందికి దిగే సన్నని నాళమే మనం వెతికేది. అదే ఆకారంలో ఒక సిర కూడా ఉంటుంది, అయితే ఆలస్యంగా నిండుతుంది. అందువల్ల సిరల దశ పూర్తయ్యేవరకు చిత్రీకరణ ఆపరాదు. కనిపించకపోతే లేదని రాయకుండా ఇంకా పై, కింది పూసల వద్ద కూడా వెతకాలి.

కణితికి రక్తం ఇచ్చే ధమని నుంచే వెన్నుపాము పాయ కూడా వస్తుంటే, ఆ ధమనిలో ఎంబోలైజేషన్ (నాళాన్ని లోపలి నుంచి మూసివేయడం) చేయరాదని నా దృఢమైన అభిప్రాయం. వేరే ధమనులను మూసేటప్పుడూ మధ్యమధ్య మళ్లీ చిత్రం తీయాలి, ఎందుకంటే ప్రవాహం మారినప్పుడు అంతవరకు కనిపించని పాయ బయటపడవచ్చు.

నివేదికలో పూస సంఖ్యను, వైపును అక్షరాలతో రాసి, బొమ్మ గీసి, థియేటర్‌లో అందరికీ కనిపించేలా ఉంచాలి. శస్త్రచికిత్సలో ఏ ధమనినైనా కోసే ముందు తాత్కాలికంగా క్లిప్ పెట్టి, రక్తపోటు తగ్గకుండా చూస్తూ, కండరాల సంకేతాలు (మెదడు నుంచి వెన్నుపాము ద్వారా కండరాలకు చేరేవి) నిలకడగా ఉన్నాయో లేదో గమనించాలి. స్పర్శ సంకేతాలు ప్రధానంగా వెన్నుపాము వెనుక భాగం పరిస్థితినే చెబుతాయి కనుక వాటినొక్కటే నమ్మరాదు.