రాయిని చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: అగ్నిశిలలు

రాళ్లలో ఎక్కువగా కనిపించే రెండు ఖనిజాలు, క్వార్ట్జ్‌నీ ఫెల్డ్‌స్పార్‌నీ విడిగా గుర్తుపట్టడం పోయిన పాఠంలో చూశాం. ఫెల్డ్‌స్పార్ నున్నటి పలకలా విరుగుతుంది, వెలుగులో అటూ ఇటూ తిప్పితే తళుక్కుమంటుంది. క్వార్ట్జ్ గాజుపెంకులా అడ్డదిడ్డంగా పగులుతుంది. ఈ తేడా ఇంకా కంటికి అలవాటు కాకపోతే ముందు ఆ పాఠం ఇంకోసారి చూసి రండి. ఇవాళ్టి పనంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కరిగిన పదార్థం చల్లారి గట్టిపడితే వచ్చేది అగ్నిశిల. ఆ పదార్థం భూమి లోపల ఉన్నంతసేపు మాగ్మా, పైకి పొంగాక లావా. కాళ్ల కింద కొన్ని కిలోమీటర్లు దిగితే అంతా కుతకుత ఉడికే ద్రవమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి భూమి పైపెంకు కింద ఉండే మందపాటి పొర, మాంటిల్, దాదాపు మొత్తం గట్టి రాయే. అక్కడ వేడి విపరీతంగా ఉన్నా, పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ఆ రాయి మెల్లగా పైకి లేస్తూ వస్తే ఒత్తిడి తగ్గి, వేడి పెరగకపోయినా కొంత భాగం కరుగుతుంది. సముద్రం అడుగున పొడవునా సాగే పర్వత శ్రేణుల కింద జరిగేది ఇదే. భూమి పైభాగం కొన్ని పెద్ద పలకలుగా ఉంటుంది; వాటిలో ఒక పలక ఇంకో పలక కిందికి దూరే చోట మాత్రం కథ వేరు. దిగే పలక నుంచి వెలువడిన నీరు పైనున్న వేడి రాయిలోకి చేరి, అది కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది.

ఇక అసలు పని. చేతిలోకి ఒక అగ్నిశిల రాగానే పేరు కోసం వెతక్కండి. ముందు రెండు ప్రశ్నలు అడగండి. రేణువులు ఎంత పెద్దవి? అవి ఏ ఖనిజాలు?

మొదటి ప్రశ్న రాయి ఎంత నెమ్మదిగా చల్లారిందో చెబుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ హాల్ 1790ల చివర్లో బసాల్ట్ (లావా చల్లారితే వచ్చే నల్లటి రాయి) జాతి రాళ్లను కొలిమిలో కరిగించి చూశారు. గబుక్కున చల్లారిస్తే గాజు వచ్చింది. మళ్లీ కరిగించి నెమ్మదిగా చల్లారనిస్తే స్ఫటికాలున్న రాయి వచ్చింది. పదార్థం ఒకటే, తేడా అంతా సమయంలోనే. అణువులు తమ చోటు వెతుక్కుని వరుసలో కుదురుకోవడానికి వ్యవధి కావాలి.

ఎంత వ్యవధి? 1959లో హవాయిలోని కిలవెయా ఇకి బిలంలో లావా నిండి, వంద మీటర్లకు మించిన లోతుతో సరస్సులా నిలిచింది. అది పూర్తిగా గట్టిపడటానికి 30 ఏళ్లకు పైగా పట్టింది. ఆకాశం కింద ఉన్న లావాకే అంత కాలం పడితే, కిలోమీటర్ల లోతున రాళ్ల మధ్య ఇరుక్కున్న మాగ్మాకు ఎంత పడుతుందో ఊహించండి. అందుకే లోపల ఏర్పడిన గ్రానైట్‌లో రేణువులు మామూలు కంటికే కనిపిస్తాయి, పైన చల్లారిన బసాల్ట్‌లో చాలావరకు కనిపించవు. సన్నటి ముద్దలో అక్కడక్కడ పెద్ద స్ఫటికాలు ఉంటే ఆ రాయి రెండు దశల్లో చల్లారిందన్నమాట. పెద్దవి లోపలే పెరిగాయి, మిగతాది పైకి వచ్చాక గబగబా గట్టిపడింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన రాళ్లు ఇవే. ఒకే ముక్కలో మొత్తం ప్రయాణం కనిపిస్తుంది.

రెండో ప్రశ్న, అంటే ఏ ఖనిజాలు అన్నది, సిలికా ఎంత ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. సిలికా అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. బరువులో సిలికా 63 శాతం దాటితే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఎక్కువై రాయి లేత రంగులో ఉంటుంది. లోపల చల్లారితే గ్రానైట్, పైన అయితే రయోలైట్. 52 నుంచి 63 మధ్య అయితే అదే వరుసలో డయోరైట్, ఆండెసైట్. 45 నుంచి 52 అయితే ఇనుము, మెగ్నీషియం ఉన్న నల్లటి ఖనిజాలు పెరుగుతాయి, అప్పుడు గాబ్రో, బసాల్ట్. అంతకంటే తక్కువైతే పెరిడోటైట్, ఇందులో ఎక్కువ భాగం ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం.

రంగును గుడ్డిగా నమ్మితే మాత్రం దెబ్బతింటారు. లావా గబుక్కున చల్లారి గాజుగా మారిన అబ్సిడియన్ బొగ్గులా నల్లగా ఉంటుంది, అయినా అందులో సిలికా సాధారణంగా గ్రానైట్‌లో ఉన్నంత ఉంటుంది. ఆ నలుపు గాజులో చెదిరిన అతి సన్నటి ఇనుప ఆక్సైడ్ రేణువుల వల్ల వచ్చింది. రాళ్ల వ్యాపారంలో 'బ్లాక్ గ్రానైట్' అనే మాట కూడా ఇలాంటిదే. ఆ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు గాబ్రో లేదా దాని జాతిదే అయిన డోలరైట్.

ఇప్పుడు నునుపు చేసిన గ్రానైట్ ముక్కను భూతద్దం కింద పెట్టి, పది నిమిషాలు ఓపిగ్గా చూడండి. కొన్ని ఫెల్డ్‌స్పార్ రేణువులకు తిన్నని అంచులు ఉంటాయి, ఇంచుమించు పెట్టె ఆకారం. క్వార్ట్జ్‌కు సొంత ఆకారమే ఉండదు, మిగిలిన సందుల్లో ఒదిగిపోయి ఉంటుంది. ముందు పుట్టినదానికి స్వేచ్ఛగా పెరిగే చోటు దొరికింది, చివర్లో వచ్చినది మిగిలిన జాగాతో సరిపెట్టుకుంది. ఇలా అంచులు చూసే ఏ ఖనిజం ముందో, ఏది తర్వాతో చెప్పొచ్చు. రాళ్ల శాస్త్రవేత్త నార్మన్ బోవెన్ ప్రయోగశాలలో కరుగులను చల్లారుస్తూ ఈ క్రమాన్నే రాబట్టారు. ఆలివిన్ ముందు, క్వార్ట్జ్ దాదాపు చివర.

చల్లారే వేగం సంగతి చేత్తో చేసి చూడాలంటే పటిక తెచ్చుకోండి. వేడినీళ్లలో ఇక కరగదు అనేంతవరకు కలిపి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాన్ని చన్నీళ్ల గిన్నెలో పెట్టండి, రెండోదానికి మందపాటి గుడ్డ చుట్టి కదపకుండా రాత్రంతా వదిలేయండి. ఇది కరుగు కాదు, ద్రావణం. అయినా స్ఫటికం సైజుకూ సమయానికీ ఉన్న సంబంధం కళ్లముందు కనిపిస్తుంది.

అభ్యాసం: ముదురు బూడిద రంగు, చేతికి బరువైన రాయి. రేణువులు కనిపించవు. నిండా గుండ్రటి చిన్న రంధ్రాలు, అక్కడక్కడ గాజులా మెరిసే ఆకుపచ్చ గింజలు. దీని పేరేమిటి, ఆ గింజలు ఎక్కడ పెరిగాయి, రంధ్రాలు ఎలా వచ్చాయి? మూడు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. 4వ పాఠం మీ జవాబుతోనే మొదలవుతుంది.