విశాల ఐక్యత కట్టాలంటే ఎలా? వామపక్ష యువ కార్యకర్తలకు కొన్ని పనులు

1932 నవంబరు ఎన్నికల్లో జర్మనీలో నాజీలకు 33.1 శాతం ఓట్లు వచ్చాయి. సోషల్ డెమోక్రాట్లకు 20.4, కమ్యూనిస్టులకు 16.9. రెండూ కూడితే నాజీల కన్నా ఎక్కువే. కానీ కమ్యూనిస్టులు సోషల్ డెమోక్రాట్లను ‘సోషల్ ఫాసిస్టులు’ అంటూనే ఉన్నారు, వాళ్ళేమో వీళ్ళనూ నాజీలనూ ఒకే గాటన కడుతూనే ఉన్నారు. మూడు నెలలు తిరక్కుండానే, 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలరయ్యాడు. కలిసుంటే ఆపగలిగేవారా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. పక్కవాడి తప్పు పట్టుకోవడంలో మనకున్న నేర్పు పక్కవాడితో పనిచేయడంలో లేదన్నది మాత్రం ఏ విద్యార్థి సంఘం ఆఫీసులో అరగంట కూర్చున్నా తెలుస్తుంది.

ఆ పని నేర్చుకోవాలనుకునేవాళ్ళ కోసం ఇది.

1. ముందు మీ సంఘం నిలబడాలి

నలుగురే ఉన్న సంఘం పదిమందితో ఐక్య సంఘటన కడితే అందులో కరిగిపోతుంది. క్రమం తప్పని సమావేశం, చందా లెక్క, కనీసం ఒక చోట నిజమైన సభ్యులు ఉన్నాకే బయటికి వెళ్ళండి. పెద్ద సంస్థ ‘మా యువజన విభాగంగా చేరిపోండి’ అంటే తొందరపడకండి. 1960 ఫిబ్రవరిలో అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ళకే కేటాయించిన భోజన కౌంటరు ముందు కూర్చున్నారు. ఆ ఉద్యమం పట్టణం నుంచి పట్టణానికి పాకింది. ఏప్రిల్లో ఆ విద్యార్థులందరినీ ఒకచోట చేర్చిన పౌరహక్కుల నాయకురాలు ఎల్లా బేకర్, పెద్దల సంస్థకు అనుబంధంగా మారకుండా సొంత సంస్థ పెట్టుకోమని ప్రోత్సహించింది. అలా వచ్చిందే ఎస్ఎన్‌సీసీ (స్టూడెంట్ నాన్‌వయొలెంట్ కోఆర్డినేటింగ్ కమిటీ, అంటే విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం). అది పెద్దల సంస్థలతో కలిసి పనిచేసింది, అవసరమైనప్పుడు విభేదించింది కూడా.

2. ఒక్క డిమాండు రాయండి

రాసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏం కావాలి, ఎవరు ఇవ్వాలి, ఎప్పటిలోగా? ‘విద్యా వ్యాపారీకరణ నశించాలి’ గోడ మీద బాగానే ఉంటుంది. ‘పెంచిన ఫీజు ఈ సెమిస్టరు నుంచే రద్దు చేయాలి’ అంటే మాత్రం ఏ పార్టీ జెండా పట్టని విద్యార్థి కూడా సంతకం పెడతాడు. 1936లో ఫ్రాన్స్‌లో పాపులర్ ఫ్రంట్ అనే ఎన్నికల కూటమి నినాదం మూడే మాటలు: రొట్టె, శాంతి, స్వేచ్ఛ. ఎన్నికల్లో గెలిచారు, ఆ వెంటనే లక్షలాది కార్మికులు సమ్మెకు దిగారు. వారానికి 40 గంటల పని, ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఆ వేసవిలోనే చట్టాలయ్యాయి. ఆ ఫ్రంటులో కమ్యూనిస్టులూ సోషలిస్టులూ మధ్యేవాద రాడికల్ పార్టీ వాళ్ళూ ఉన్నారు. సోషలిజం ఎలా వస్తుందన్న దానిపై వాళ్ళ మధ్య ఎన్నడూ ఏకాభిప్రాయం లేదు.

3. కింది నుంచి కలవండి

రౌండ్ టేబుల్ సమావేశం పెట్టి, నాయకులతో చేతులెత్తించి ఫొటో దిగడం చాలామందికి ఐక్యతలా కనిపిస్తుంది. నాకైతే దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఫ్రాన్స్ పాపులర్ ఫ్రంటు కూడా ఫొటోతో పుట్టలేదు. 1934 ఫిబ్రవరి 12న పారిస్‌లో సోషలిస్టుల ఊరేగింపు వేరు, కమ్యూనిస్టులది వేరు. రెండూ ఎదురుపడితే కొట్టుకుంటారేమోనని పెద్దలు భయపడ్డారు. జనం ‘ఐక్యత’ అని అరుస్తూ ఒకరిలో ఒకరు కలిసిపోయారు. పార్టీల మధ్య ఒప్పందం జులైలో గానీ కుదరలేదు.

కాబట్టి అవతలి సంఘంలో పనిచేసే మామూలు కార్యకర్తతో ముందు మాట్లాడండి. ఒక్కరితో ఒక్కరే, అరగంట. మీరు తక్కువ మాట్లాడండి. వాళ్ళు గతంలో మీ సంఘం వల్ల ఎక్కడ నొచ్చుకున్నారో అడగండి. ఆ జవాబు వినకుండా పిలిచిన ఉమ్మడి సమావేశం పాత పగల పంచాయితీ అవుతుంది. వామపక్షం కాని వాళ్ళ దగ్గరికీ వెళ్ళండి: మహిళా సంఘాలు, కార్మిక యూనియన్లు, పర్యావరణ బృందాలు, ఏ సంఘంలోనూ లేని హాస్టలు విద్యార్థులు.

4. నియమాలు కాగితం మీద పెట్టండి

ఐక్యతలు సిద్ధాంతాల దగ్గర తెగేది తక్కువ, మైకు దగ్గర తెగేది ఎక్కువ. ఎవరు ముందు మాట్లాడాలి, బ్యానరు మీద ఎవరి పేరు పైన ఉండాలి, వసూలైన డబ్బు ఎవరి దగ్గర ఉంది, ప్రెస్‌తో ఎవరు మాట్లాడారు: ఇక్కడే మొదలవుతుంది. మొదటి సమావేశంలోనే ఒక్క పేజీ రాసి అందరూ సంతకం పెట్టండి. అందులో ఇవి ఉండాలి:

- ఉమ్మడి డిమాండు, దానికి గడువు. నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనా, ఓటుతోనా అన్నది.
- కన్వీనరు ఒక్కరే ఉంటే మార్పిడి ఎన్నాళ్ళకు. లెక్కలు ఇద్దరి చేతిలో, ఆ ఇద్దరూ వేర్వేరు సంఘాల వాళ్ళు.
- సొంత కరపత్రం, సొంత పత్రిక, విమర్శించే హక్కు ఎవరివి వాళ్ళవే. ఉమ్మడి వేదిక మీద మాత్రం ఉమ్మడి డిమాండే.
- హింస, వేధింపు విషయంలో ఏం చేస్తామో ముందే.

మూడోది కొందరికి రుచించదు. కానీ విమర్శించే హక్కు లేకుండా చేరినవాడు లోపల ఉంటూ గొణుగుతాడు, వాట్సాప్‌లో తిడతాడు, చివరికి కబురైనా చెప్పకుండా వెళ్ళిపోతాడు.

5. కుర్రాళ్ళకు కుర్చీ కూడా

పోస్టర్లు అంటించేది, రాత్రి కుర్చీలు సర్దేది పిల్లలు. నిర్ణయం తీసుకునేది పెద్దలు. ఉమ్మడి కమిటీలో యువతకు, అందులో అమ్మాయిలకు ఎన్ని స్థానాలో నాలుగో అంశంలోని ఆ పేజీలోనే రాయించండి. తర్వాత అడిగితే రావు.

6. గెలిచాక ఏం చేస్తారో గెలవకముందే తేల్చుకోండి

2024 జూన్ 9న ఫ్రాన్స్ పార్లమెంటు దిగువ సభ రద్దయింది. మర్నాడే వామపక్ష పార్టీలు న్యూ పాపులర్ ఫ్రంట్ ప్రకటించాయి. నియోజకవర్గానికి ఒక్కరే అభ్యర్థి. జులై 7న 577 స్థానాల్లో 180 దాకా తెచ్చుకుని మొదటి స్థానంలో నిలిచారు. మెజారిటీకి 289 కావాలి, అది వేరే సంగతి. ప్రధానిగా ఎవరి పేరు చెప్పాలో తేల్చుకోవడానికే 16 రోజులు పట్టింది. ఆ వేడి అంతా ఆ పదహారు రోజుల్లో చల్లారింది.

చిలీ కథ ఇంకో రకం. 2011 విద్యార్థి ఉద్యమ నాయకులు 2013లో పార్లమెంటుకు వెళ్ళారు, 2017లో ‘విశాల వేదిక’ అనే కూటమి కట్టారు, 2021 డిసెంబరులో అందులోని గాబ్రియేల్ బోరిచ్ 55.9 శాతం ఓట్లతో అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. తొమ్మిది నెలలకే, 2022 సెప్టెంబరులో, వాళ్ళు మద్దతిచ్చిన కొత్త రాజ్యాంగాన్ని 62 శాతం మంది తిప్పికొట్టారు. అధ్యక్ష ఎన్నికలో వచ్చిన ఓట్లన్నీ వాళ్ళ సొంతం కావు, ఎదుటి అభ్యర్థి మీద భయంతో వచ్చినవీ అందులో ఉన్నాయి. మీ ఊరేగింపుకు వెయ్యి మంది వస్తే అందులో ఎంతమంది మీ డిమాండు కోసం వచ్చారు, ఎంతమంది ఎదుటివాడి మీద కోపంతో వచ్చారు అన్నది మర్నాడే, అన్ని సంఘాల వాళ్ళూ కూర్చుని, పేర్లతో సహా రాసుకోండి. రెండోసారి ఎవరి తలుపు తట్టాలో ఆ జాబితాలోనే దొరుకుతుంది.