మంట అంటుకోని కాటన్ బట్టలను ఎలా ఉతకాలి?

ముందు లేబుల్ చూడండి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డయితే ఒక్క ఉతుకుతోనే దాని గుణం పోతుంది. అవి నీళ్లలో కరిగే రసాయనాలు. 1821లో గే-లూసాక్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త నార బట్టలకు వాడినవీ ఇలాంటివే, వాటికీ అదే లోపం. ఉతికిన ప్రతిసారీ ఆ మందును మళ్లీ స్ప్రే కొట్టుకుంటే చాలనే సలహా నాకు నచ్చదు. ఒక్కచోట తడవకపోయినా అక్కడ రక్షణ ఉండదు. ఉతికే బట్ట కావాలంటే ప్రోబాన్, పైరోవాటెక్స్ లాంటి పద్ధతుల్లో తయారైనవే కొనండి. వీటిలో ఫాస్ఫరస్ సమ్మేళనాన్ని ఫ్యాక్టరీలోనే నూలుపోగుకు పట్టించేస్తారు.

బట్టను తిరగేసి, జిప్పులు వేసి, విడిగా గోరువెచ్చని నీళ్లలో వేయండి. లిక్విడ్ డిటర్జెంట్ మాత్రమే వాడండి. క్లోరిన్ బ్లీచ్ ఒక్క చుక్క కూడా వద్దు, అది ఆ ఫాస్ఫరస్ రసాయనాన్నే దెబ్బతీస్తుంది. గంజి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ కూడా వద్దు. రెండూ మండేవే.

అందరూ పాడుచేసేది నీళ్ల దగ్గరే. హార్డ్ వాటర్‌లో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అందులో మామూలు బట్టల సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు కొవ్వు నుంచి వచ్చిందే కాబట్టి నిప్పు తగిలితే మండుతుంది. ఉతికిన కొద్దీ అది పోగుల మధ్య పేరుకుంటుంది. లోపల మందు భద్రంగానే ఉన్నా, పైన మంటకు మేత తయారవుతుంది. అప్పుడు జనం బట్టనే తిడతారు.

మీ నీళ్లు ఎలాంటివో ముందే చూసుకోండి. సీసాలో సగం నీళ్లు పోసి, కాస్త సబ్బు తురిమి వేసి గట్టిగా కుదపండి. నురగ నిలవకుండా పెరుగు విరిగినట్టు తెల్లటి తునకలు తేలితే అది హార్డ్ వాటరే. వాన నీళ్లో, నీళ్ల హార్డ్‌నెస్ తీసే సాఫ్ట్‌నర్ యంత్రం నుంచి వచ్చిన నీళ్లో వాడండి.

జాడించడం రెండుసార్లతో ఆపేయకండి, నేనైతే మూడుసార్లకు తక్కువ ఒప్పుకోను. తర్వాత బట్ట చేతి అంచును పిండి, గాజు గ్లాసులోని మంచినీళ్లలో ముంచి వేళ్లతో నలపండి. నీళ్లు పాలలా మారినా, అంచున చిన్న బుడగలు నిలిచినా ఇంకా సబ్బు ఉన్నట్టే. మళ్లీ జాడించండి. తొందరలో ఉన్నా ఈ గ్లాసు పరీక్ష మాత్రం మానొద్దు.

నీడలో ఆరేయండి. గ్రీజు మరక ఎంత ఉతికినా వదలకపోతే ఆ బట్టను మంట దగ్గర పనికి వేసుకోవద్దు.