గరుడసేవకు ముందు టీవీ కంప్యూటర్ జాగ్రత్తలు

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడసేవ. కొండెక్కలేని పెద్దవాళ్లంతా తిరుపతిలో మన హాల్లోనే టీవీ ముందు కూర్చుంటారు. డిష్ తీగను కంప్యూటర్ ట్యూనర్ కార్డుకు (టీవీ సిగ్నల్ అందుకునే భాగం) కలిపి టీవీహెడ్‌ఎండ్ (ఆ సిగ్నల్ నుంచి చానళ్లు అందించి, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్), కోడి (తినేది కాదు, ఆ చానళ్లను తెరపై చూపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఇవి ముందే చూసుకోండి.

• టీవీహెడ్‌ఎండ్ సెట్టింగుల ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయనిదే దేన్నీ తీసేసి మళ్లీ ఎక్కించకండి. చానళ్ల వరుస, రికార్డింగుల పట్టిక అన్నీ అందులోనే ఉంటాయి. నిరుడు నేను కాపీ తీసుకోలేదు. చానళ్లను ఒక్కొక్కటే వెతికి పేర్చేసరికి స్వామి మాడవీధులు తిరిగి లోపలికి వెళ్లిపోయారు. అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

• పండుగ వారంలో కోడిని అప్‌డేట్ చేయకండి. 20 నుంచి 21కి మారితే పీవీఆర్ యాడాన్ (కోడిని టీవీహెడ్‌ఎండ్‌కు కలిపే చిన్న జోడింపు) కూడా దానికి సరిపోయేదే ఉండాలి. లేకపోతే టీవీ మెనూ ఖాళీ.

• బొమ్మ ముక్కలవుతుంటే ముందు టీవీహెడ్‌ఎండ్‌లో సిగ్నల్ అంకెలు చూడండి. అవి పడిపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, డిష్‌దో వానదో. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో సూర్యుడు సరిగ్గా దాని వెనక్కి వస్తాడు. అప్పుడు పగలు పదకొండు ప్రాంతంలో కొన్ని నిమిషాలు అంతరాయం మామూలే.

• మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే కోడి సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం) ఆపి చూడండి.

• కంప్యూటర్ గడియారం భారత కాలమానంలో ఉందా? లేకపోతే రికార్డింగ్ వేరే వేళకు మొదలవుతుంది.