కొత్త టీమ్ కట్టే ముందు జాగ్రత్తలు

• చేయాల్సిన పనిని ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఇంకా ఎవరినీ పిలవకండి.

• మందిని పెంచకండి. ఐదుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 10, పదిమందైతే 45. ఆలస్యమవుతోందని మధ్యలో కొత్తవాళ్లను చేరిస్తే, వాళ్లకు నేర్పడానికే పాతవాళ్ల సమయం పోతుంది.

• ఏ పని ఎవరిదో పేరుతో రాసిపెట్టండి.

• అన్నిటికన్నా ముఖ్యం: తప్పు కనబడితే చిన్న ఉద్యోగి కూడా నోరు విప్పగలగాలి. ఆపరేషన్‌లో కోత పెట్టే ముందు గదిలోని అందరూ తమ పేరు, పాత్ర చెప్పుకోవాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రతా జాబితా (చెక్‌లిస్ట్). నోరు విప్పడానికి బెరుకు పోయేలా మీ మొదటి మీటింగ్‌లోనూ అలాగే చేయించండి. మేనేజర్ చివర్లో మాట్లాడాలి; ముందే తేల్చేస్తే మిగతావాళ్లు ‘సరే సార్’ అని ఊరుకుంటారు.

• సెలవులు, షిఫ్టులు ముందే అడగండి.