సెల్లార్‌లో పెద్ద చేపల ట్యాంకులు: గోడలు ముయ్యకముందే తేల్చుకోవాల్సినవి

సెల్లార్‌ని బాగుచేయించి పెద్ద అక్వేరియంలు పెట్టాలనుకునేవాళ్ళు చాలామంది ముందు గది ప్లాన్ గీయించి, ఆ తర్వాత ట్యాంక్ ఏ మూల పడుతుందా అని చూస్తారు. అక్కడే తేడా కొడుతుంది. ముందు తేలాల్సింది నీళ్ళ లెక్క. మంచినీళ్ళు ఎటునుంచి వస్తాయి, మురికినీళ్ళు ఎటు పోతాయి, ఆవిరైనవి ఎక్కడ తేలతాయి? ఈ మూడూ తెలిశాకే ట్యాంక్ చోటు, ఆ తర్వాతే గోడలూ రంగులూ.

180 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న ట్యాంక్ తీసుకుందాం. నిండా పోస్తే 648 లీటర్లు. వారానికి 30 శాతం మార్చాలంటే సుమారు 195 లీటర్లు. 15 లీటర్ల బకెట్‌తో 13 బకెట్లు తోడి పారబోయాలి, మళ్ళీ 13 బకెట్లు తెచ్చి పోయాలి. అలాంటివి రెండుంటే మొత్తం 52 బకెట్లు, అదీ మెట్ల మీద. మొదటి నెల ఉత్సాహంలో గడిచిపోతుంది. తర్వాత వారం కాస్తా రెండు వారాలవుతుంది, రెండు వారాలు నెలవుతాయి, చేపలు జబ్బుపడతాయి. అందుకే చేతికందే దూరంలో కుళాయి, నేలలో డ్రెయిన్ లేనిచోట ఇంత ట్యాంక్ పెట్టనే వద్దు.

ముందు బయటి చెమ్మ

పొడిగా లేని సెల్లార్‌లో ఏ పనీ మొదలుపెట్టకూడదు. పరీక్ష సులువే. 45 సెం.మీ. చదరపు పాలిథిన్ ముక్కను కాంక్రీట్ నేల మీద పరిచి, నాలుగంచులూ గాలి చొరకుండా టేప్ వెయ్యాలి. కనీసం 16 గంటలు, వీలైతే రెండు రోజులు వదిలెయ్యాలి. టేప్ ఊడదీసి చూసినప్పుడు కవర్ అడుగున చిన్న చిన్న బొట్లు ఉన్నా, దాని కింద కాంక్రీట్ చుట్టుపక్కల కన్నా ముదురు రంగులోకి తిరిగినా చెమ్మ భూమిలోంచి వస్తున్నట్టు. బొట్లు కవర్ పైవైపు ఉంటే అది గదిలోని గాలి తేమ. రెండింటికీ మందు వేరు. గోడలకి కూడా ఇలాగే చెయ్యాలి. గోడ మీద చేత్తో రాస్తే రాలే తెల్లటి ఉప్పు కనిపిస్తే నీళ్ళు గోడలోంచి ఊరుతున్నాయని అర్థం.

ఇది వానలు పడుతున్న రోజుల్లో చూడాల్సిన పరీక్ష. చెమ్మ ఉంటే బయటినుంచే ఆపాలి: ఇంటి కప్పు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా పైపుతో దూరంగా వదలాలి, చుట్టూ నేల ఇంటివైపు కాకుండా బయటికి వాలేలా చెయ్యాలి. లోపల వాటర్‌ప్రూఫ్ రంగు పూసేసి సరిపెట్టుకుంటే వెనకనున్న నీటి ఒత్తిడికి ఆ రంగు బుడగలు లేచి ఊడిపోతుంది.

నేల, డ్రెయిన్

డ్రెయిన్ వైపు మీటరుకి ఒక సెం.మీ. వాలు చాలు. కానీ స్టాండ్ నిలబడే పట్టీ మాత్రం రసమట్టం పెట్టి చూస్తే సమంగా ఉండాలి. మేస్త్రీకి ఈ మాట ముందే చెప్పి, ట్యాంక్ చోటుని సుద్దతో గీసి చూపించాలి. లేకపోతే నేలంతా ఒకే వాలుగా తీసేస్తారు, తర్వాత స్టాండ్ కాళ్ళ కింద చెక్కముక్కలు దూర్చుకోవాల్సి వస్తుంది.

చాలా సెల్లార్ల నేల మురుగు లైన్ కన్నా కిందుంటుంది. అలాంటప్పుడు గుంట తీసి, అందులో ఫ్లోట్ స్విచ్ (నీళ్ళు పెరిగితే తేలి పంపుని ఆన్ చేసేది) ఉన్న పంపు పెట్టి పైకి తోడాలి. పంపు పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్ళని వెనక్కి రానివ్వనిది) లేకపోతే, పంపు ఆగిన ప్రతిసారీ పైపులో నీళ్ళు మళ్ళీ గుంటలోకే వస్తాయి. ఇంకొకటి: కుళాయికి తగిలించిన గొట్టం కొస ట్యాంక్‌లో మునిగి ఉన్నప్పుడు పైన సరఫరా ఆగితే, ట్యాంక్ నీళ్ళు ఇంటి తాగునీటి పైపులోకి ఎక్కుతాయి. ఆ కుళాయికి కూడా వెనక్కి పోనివ్వని వాల్వ్ తప్పనిసరి.

బరువు, అద్దం

మన ట్యాంక్‌లో నీళ్ళు 648 కిలోలు. అద్దం మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది, 12 మి.మీ. అద్దంతో చేస్తే దాదాపు 120 కిలోలు. ఇసుక, రాళ్ళు, స్టాండ్, ఫిల్టర్ కలిపితే టన్నుకు దగ్గరవుతుంది. అదంతా ఒక చదరపు మీటరు చోటులో. ఇళ్ళలో పై అంతస్తుల శ్లాబులు మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువుకే వేస్తారు. నేల మీదే కూర్చున్న సెల్లార్ కాంక్రీట్‌కి ఆ భయం తక్కువ. పెద్ద ట్యాంక్‌కి ఇంట్లో ఇంతకన్నా మంచి చోటు దొరకదు. అయినా స్టాండ్ నాలుగు సన్నటి కాళ్ళ మీద నిలబడకూడదు. కింద చుట్టూ ఫ్రేమ్ ఉండి బరువు పరుచుకోవాలి.

అద్దం మీద ఒత్తిడి నీటి ఎత్తుని బట్టే తప్ప ట్యాంక్ వెనక్కి ఎంత లోతుందన్నదాన్ని బట్టి కాదు. 60 సెం.మీ. ఎత్తు నీళ్ళు 180 సెం.మీ. ముందు అద్దాన్ని 324 కిలోల బలంతో తోస్తాయి. ఎత్తు 75కి పెంచితే ఆ బలం 506 కిలోలు. 15 సెం.మీ. ఎత్తుకే సగానికి పైగా పెరిగింది. ఎత్తు పెంచడం కన్నా వెడల్పు పెంచడం మేలు. చేపకి తిరగడానికి చోటు దొరుకుతుంది, అడుగుకి చెయ్యి అందుతుంది.

అడుగు మొత్తం చదునుగా స్టాండ్‌ని తాకే ఫ్రేమ్ లేని ట్యాంక్ కింద పలచటి ఫోమ్ షీట్ వెయ్యాలి. అడుగున ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్న ట్యాంక్ కింద వెయ్యకూడదు. ఆ ట్యాంక్ బరువు అంచుల మీదే మోసేలా తయారై ఉంటుంది; ఫోమ్ మధ్యలో అద్దాన్ని పైకి తోస్తే పగులు వస్తుంది.

ట్యాంక్ కొనకముందే అదే కొలతల్లో అట్టపెట్టె కట్టి మెట్లమీంచి, మలుపుల్లోంచి కిందికి దింపి చూడండి. తలుపు పట్టినంత మాత్రాన మలుపు పట్టదు. పట్టకపోతే అద్దాలు విడిగా దింపి లోపలే అతికించుకోవాలి. పట్టినా సరే, గోడ ఫ్రేములు నిలబెట్టకముందే ట్యాంక్ లోపలికి వచ్చెయ్యాలి. గోడలో పొదిగే ట్యాంక్ అయితే వెనక మనిషి నిలబడి పనిచెయ్యడానికి 60 సెం.మీ., పైన వల, చెయ్యి ఆడడానికి 45 నుంచి 60 సెం.మీ. ఖాళీ ఉంచాలి. ముందునుంచి అందం చూసుకుని వెనక చోటు మింగేసిన గదులు శుభ్రం చెయ్యడానికి నరకం.

గాలి, గోడలు

మన ట్యాంక్ మట్టం రోజుకి అర సెం.మీ. తగ్గిందంటే 5 లీటర్లకు పైగా గదిలో కలిసినట్టే. ఆ తేమ చల్లటి కాంక్రీట్ గోడ దగ్గరికి వెళ్ళి నీరై, ప్లాస్టర్‌బోర్డ్ వెనక, కంటికి కనపడనిచోట బూజు పట్టిస్తుంది. సెల్లార్ అక్వేరియం గదుల్ని ఎక్కువగా పాడుచేసేది లీకు కాదు, ఇదే. కాబట్టి కాంక్రీట్‌కి ఆనించి గట్టి ఫోమ్ బోర్డులు అతికించి, అతుకులన్నీ టేప్ చెయ్యాలి. నీరు పీల్చే గ్లాస్‌వూల్ వద్దు. ఫోమ్ బోర్డుల మీద కాగితం పొర ఉన్న జిప్సం కాకుండా సిమెంట్ బోర్డు, అదీ నేలకి ఒక సెం.మీ. పైన ఆపాలి. ట్యాంకులకి మూతలు ఉండాలి. గాలి తేమ 60 శాతం దాటకుండా డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమని నీళ్ళుగా లాగే యంత్రం) పెట్టి, దాని నీటి గొట్టాన్ని నేరుగా డ్రెయిన్‌లోకి వదలాలి. దాని మీద రాసే సామర్థ్యం వేడిగా, బాగా తేమగా ఉన్న గదిలో కొలిచింది. చల్లటి సెల్లార్‌లో సగం కూడా రాకపోవచ్చు, లెక్క అలాగే వేసుకోండి.

కరెంటు, ఫిల్టర్

సాకెట్లన్నీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) వెనకే ఉండాలి; ట్యాంక్ వెనకో కిందో కాకుండా పక్కకి, నేలనుంచి మీటరు ఎత్తులో. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి ప్లగ్‌ని చేరాలి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే నేలమీద పడిపోతుంది, ప్లగ్‌లోకి పోదు. రెండు వేరు వేరు సర్క్యూట్లు లాగించి పంపుల్ని, హీటర్లని వాటిమీద పంచాలి. ఒకటి ట్రిప్ అయితే రెండోది చేపల్ని కాపాడుతుంది. హీటర్ కూడా ఒక్క 400 వాట్లది కాదు, 200 వాట్లవి రెండు. ఒకటి ఆగకుండా ఇరుక్కుపోయినా ట్యాంక్ అంత త్వరగా ఉడికిపోదు.

కింద ఫిల్టర్ సంప్ (ట్యాంక్ నీళ్ళు దిగి శుభ్రమై, పంపుతో మళ్ళీ పైకెక్కే తొట్టి) పెడితే ఒక లెక్క మర్చిపోవద్దు. కరెంటు పోగానే నీళ్ళు పైకి పంపే పైపే తలకిందులై ట్యాంక్‌ని ఖాళీ చేస్తుంది. ఆ పైపు మూతి నీటిలో 10 సెం.మీ. లోతున ఉంటే 108 లీటర్లు కిందికి దిగి సంప్ పొర్లుతుంది. పైపు మూతి నీటిమట్టానికి ఒకటి రెండు సెం.మీ. కిందే ఉంచాలి. నీటిమట్టానికి కొంచెం కింద పైపుకి చిన్న బెజ్జం పెడితే గాలి చొరబడి ప్రవాహం తెగుతుంది నిజమే, కానీ నాచు, నత్తగుల్లలు ఆ బెజ్జాన్ని మూసేస్తాయి. దానిమీదే భరోసా పెట్టుకోవద్దు. పంపు గంటకి ట్యాంక్ నీళ్ళని నాలుగైదు సార్లు తిప్పాలి. అంటే సుమారు 3,000 లీటర్లు, అదీ పంపు నీళ్ళని మీ పైపు ఎత్తుకి ఎక్కించాక రావాల్సిన లెక్క.

చేపల్ని వదిలేముందు

రంగులూ వార్నిష్‌లూ పూర్తయి వాసన పూర్తిగా పోయేదాకా ఎయిర్ పంపు వెయ్యొద్దు. అది గదిలో ఉన్న గాలినే నీళ్ళలోకి ఊదుతుంది. ట్యాంక్‌ని సగం నింపి ఒక రోజు, నిండా నింపి వారం ఉంచాలి; రోజూ అతుకుల వెంట పొడి టిష్యూ పేపర్ రాసి చూడాలి. ఈ వారంలోనే నడుస్తున్న పంపు ప్లగ్ పీకి, సంప్ ఎంతవరకు నిండుతుందో చూసి ఆ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గియ్యాలి.

తర్వాత క్లోరిన్ విరుగుడు కలిపి, చేపలు లేకుండానే లీటరుకి 2 మిల్లీగ్రాములు వచ్చేలా అమ్మోనియా వేస్తూ ఫిల్టర్‌లో బ్యాక్టీరియా పెంచాలి. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే విషపు అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేది ఆ బ్యాక్టీరియానే. సాధారణంగా 4 నుంచి 6 వారాలు. వేసిన అమ్మోనియా 24 గంటల్లో పోయి, నైట్రైట్ కూడా సున్నా చూపించాక, నైట్రేట్ దిగేలా సగానికి పైగా నీళ్ళు మార్చి, అప్పుడు మొదటి విడత చేపల్ని కొద్దిగా వదలాలి. తర్వాతి విడతకి కనీసం రెండు వారాలు ఆగాలి.